నూనె తేర్చిన చేతులు

యుద్ధం రోజుల్లో మా ఇంట్లో నెయ్యి నిండుకుందంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. షెడ్డులో నూనె మురికి పట్టిందంటే మాత్రం ఆ రోజు ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ ఉండేది.

అప్పుడు మేము పటమటలో ఉండేవాళ్ళం. బందరు రోడ్డుకు కొంచెం లోపలగా పెంకుటిల్లు, వెనక దొడ్డి, దొడ్డిలో రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మా ఆయన బస్సు ఇంజన్ల సిలిండర్లు బాగుచేసేవారు. పెట్రోలు కరువై బస్సులన్నీ బొగ్గు గ్యాసు మీద నడుస్తున్న కాలం అది. బస్సు వెనక ఒక పెద్ద పీపా, అందులో రగులుతున్న బొగ్గులు. ఆ గ్యాసుతోపాటు బూడిద కూడా ఇంజన్లోకి పోయి సిలిండరు గోడల్ని తినేసేది. ఊళ్ళో అందరికీ పనులు పడిపోతుంటే మా ఆయనకు మాత్రం ఊపిరాడేది కాదు.

అరిగిన సిలిండరును ముందు మర మీద కోసి కాస్త వెడల్పు చేస్తారు. కోసిన గోడ మన చేతికి నున్నగానే తగులుతుంది గాని, ఇంజనుకు ఆ నునుపు చాలదు. అప్పుడు హోనింగు పట్టాలి. సన్నటి సానరాళ్ళు బిగించిన కడ్డీని సిలిండర్లోకి దించి, గిరగిరా తిప్పుతూ పైకీ కిందకీ ఆడిస్తారు. తిరుగుతున్నంతసేపూ కిరసనాయిలు కలిపిన పల్చటి నూనె ధారగా పోస్తూ ఉండాలి. రాయి నుంచి రాలిన పొడినీ, ఇనప రజనునూ ఆ నూనే కడిగి కింద డబ్బాలోకి దించుతుంది.

మామూలు రోజులైతే ఆ నల్లటి నూనె పారబోసి కొత్తది పోసుకునేవారే. ఆ రోజుల్లో దీపంలోకి కిరసనాయిలు దొరకడమే గగనం. అందుకని వాడిన నూనెనే కదపకుండా ఉంచి, మడ్డి అడుక్కు దిగాక, పైన తేరిన నూనెను గుడ్డలో వడకట్టి మళ్ళీ వాడాలి. ఎక్కడో ఒక్క పలుకు మిగిలిందా, అది రాయికీ గోడకీ మధ్య ఇరుక్కుని, పైనుంచి కింద దాకా గీత పెడుతుంది. గీత పడ్డ సిలిండరు నూనె తాగుతుంది, పొగ కక్కుతుంది, నెల తిరక్కుండా బస్సు మళ్ళీ మన వాకిట్లోకే వస్తుంది.

మొదట్లో ఆ వడకట్టే పని నాదే. పాత చీరలు చింపి వాడేదాన్ని. పాత గుడ్డకు నూగు ఊడుతుంది. ఆ నూగు నూనెలో కనిపిస్తే మా ఆయన పైకి ఏమీ అనేవారు కాదు. డబ్బా తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయేవారు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించేది.

మాది మేనరికం. మా అత్తయ్య మా నాన్నకు సొంత చెల్లెలు. ఆవిడ భర్త చిన్నతనంలోనే పోతే, మా నాన్న చెల్లెల్నీ, మేనల్లుణ్ణీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఉయ్యూరు దాటాక మా ఊరు. మగ్గాల వీధిలో మా ఇల్లు. మా ఆయనా నేనూ ఒకే అరుగు మీద ఆడుకుని పెరిగాం. మా నాన్న ఆయనకు నేత నేర్పాలని చూశాడు. ఆయన మనసేమో ఎప్పుడూ ఊరి చివర బియ్యం మిల్లు ఇంజను దగ్గరే ఉండేది. మిగతా నేతవాళ్ళు నవ్వుతున్నా, మా నాన్నే స్వయంగా చెయ్యి పట్టుకుని బెజవాడ తీసుకొచ్చి, ఒక మెకానిక్కు దగ్గర పనిలో పెట్టాడు. తర్వాత నన్నిచ్చి పెళ్ళి చేశాడు. మేనల్లుడు అల్లుడైనా పిలుపు మారలేదు. "ఏరా అబ్బాయ్" అనేవాడు. ఆయన కూడా "మావయ్యా, నువ్వు" అనే అనేవారు.

యుద్ధం ముదిరాక నూలు రావడం మానేసింది. మా వీధిలో ఒక్కొక్క మగ్గమే ఆగిపోయింది. మా అమ్మ అప్పటికే పోయింది. మా నాన్న ఒక్కడూ వండుకుని తింటూ, పని లేక అరుగు మీద కూర్చుంటున్నాడని తెలిసి అత్తయ్యకు తిండి సయించలేదు.

"ఒరేయ్, మా అన్నయ్యను తీసుకురా. రానంటే నేను మంచం పట్టానని చెప్పు" అంది కొడుకుతో.

నాన్న వచ్చాడు. చెల్లెలు మంచం పట్టలేదని గుమ్మంలోనే తెలిసింది. అయినా వెనక్కి వెళ్ళలేదు. కూతురింట్లో తినడమంటే మా వైపు మగవాళ్ళకు చిన్నతనమే. రెండు రోజులు చూసి మూడో రోజు పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి, "ఊరికే కూర్చుని తినలేనురా. ఏదైనా చెప్పు, చేస్తాను" అన్నాడు.

మా ఆయన నవ్వి, "నూనె చూడు మావయ్యా. నీ కూతురు గుడ్డ నూగంతా నాకే తాపుతోంది" అన్నారు.

అలా నూనె పని నాన్న చేతికి వెళ్ళింది. ఊరికెళ్ళి, ఇంట్లో మిగిలిన కొద్దిపాటి సన్న నూలుతో చిక్కగా ఒక పీసు నేసి తెచ్చాడు. దాన్ని గంజి పోయేదాకా ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, చెక్క చట్రానికి బిగించాడు. డబ్బాలు కదలకుండా షెడ్డు వెనక ద్వారం దగ్గర ఒక బల్ల కట్టుకున్నాడు. మడ్డి దిగేదాకా ఎవరినీ అటు రానిచ్చేవాడు కాదు. వడకట్టిన నూనెను గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూసేవాడు. నాకు ఆ మనిషిని చూస్తే చాలా రోజుల తర్వాత ప్రాణం లేచి వచ్చినట్టుండేది. భోజనాల దగ్గర ఇద్దరూ సిలిండర్ల గురించే మాట్లాడుకునేవారు. పోగు తెగడానికీ, గోడ గీసుకుపోవడానికీ పోలికలు చెప్పుకుని నవ్వుకునేవారు. అత్తయ్య విసుక్కునేది గాని, ఇద్దరి కంచాల్లోనూ రెండోసారి వడ్డించేది.

ఆ చలికాలంలో మా ఆయన ఒక తిరుగుడు సానరాయి కొన్నారు. ఎవరో షాపు ఎత్తేస్తుంటే చవగ్గా వచ్చింది. కోత పనిముట్లు ఇక బయటికి పంపకుండా ఇంట్లోనే నూరుకోవచ్చని ఆయనకు మహా సంతోషం. షెడ్డులో చోటు లేక, వెనక ద్వారం బయట వేపచెట్టు కింద దాన్ని పాతించారు.

తర్వాత కొన్నాళ్ళకు బందరు రూట్లో బస్సులు నడిపే ఆసామి ఒకాయన వచ్చాడు. మేము చేసి పంపిన ఇంజను పొగ కక్కుతోందన్నాడు. విప్పి చూస్తే సిలిండరు గోడ మీద సన్నటి గీతలు. మా ఆయన ముఖం వాడిపోయింది. ఊరికే మళ్ళీ చేసిపెడతానన్నారు. చేశారు. అదీ గీతలు పడింది. ఇంకో బస్సుదీ అంతే.

ఆయన రాళ్ళు మార్చి చూశారు. కడ్డీ వంకర పోయిందేమోనని విప్పి బిగించారు. నాన్న గ్లాసులో నూనె పోసి వెలుతురుకు పట్టి, "తేటగానే ఉందిరా" అన్నాడు. "నీ కంటికి తేటగా ఉంటే సరిపోతుందా" అన్నారు మా ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాన్న రెండుసార్లు వడకట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం పడుకోవడం మానేశాడు. అన్నం తింటూ తింటూ లేచి వెళ్ళి డబ్బాలు చూసొచ్చేవాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. వంటింట్లో నేనూ అత్తయ్యా కూడా గిన్నెలు చప్పుడు కాకుండా దించేవాళ్ళం.

ఒకరోజు ఆ బస్సు ఆసామి మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "బెజవాడలో మీరొక్కరే లేరు గదండీ. నా బండి నెలలో సగం రోజులు షెడ్డులోనే ఉంటే డ్రైవరుకేం పెట్టను, నేనేం తినను?" అన్నాడు. నేను మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. నాన్న బల్ల దగ్గర నూనె వడకడుతున్నాడు.

మా ఆయన తల దించుకుని విన్నారు. విని, ఆ ఆసామితోనే అన్నారు.

"తప్పు నాదేనండీ. చూపు ఆననివాళ్ళ చేతిలో పని పెట్టాను. అన్నమూ దండగ, నూనే దండగ."

నాన్న తలెత్తలేదు. చేతిలో ఉన్న డబ్బా ఖాళీ అయ్యేదాకా ధార తెగకుండా పోశాడు. చట్రం మీద గుడ్డ విప్పి, ఉతికి, పిండి, తీగ మీద ఆరేశాడు. తర్వాత నూతి దగ్గర మోచేతుల దాకా సున్నిపిండితో కడుక్కున్నాడు. నేను వెనకే వెళ్ళాను.

"నాన్నా, ఆయన చికాకులో అన్నారు."

"తెలుసమ్మా."

"రెండు రోజులుండు. తనే వచ్చి..."

"మగ్గం మీద దుమ్ము పడి ఉంటుందమ్మా. చూసుకుని చాలా రోజులైంది."

సంచీ సర్దుకోవడానికి ఏమీ లేదు. రెండు పంచెలు, ఒక తువ్వాలు. అత్తయ్య వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఏడ్చింది. "పక్కకు జరుగు తల్లీ, బస్సు పోతుంది" అన్నాడు చెల్లెలితో. మా ఆయన షెడ్డులోనే ఉన్నారు. మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంది. బయటికి రాలేదు. నాన్న అటు ఒకసారి చూసి రోడ్డెక్కాడు.

ఆ రోజు నుంచి అత్తయ్య కొడుక్కి వడ్డించడం మానేసింది. నేనే వడ్డించేదాన్ని. మా ఇద్దరి మధ్యా కూడా కూర కావాలా, చారు కావాలా అన్న మాటలే మిగిలాయి. నూనె పని మళ్ళీ నాకొచ్చింది. నాన్న నేసిన గుడ్డలోనే, నాన్న చేసినట్టే చేశాను. గీతలు మాత్రం మానలేదు. మానలేదంటే నాకు లోపల ఎక్కడో ఊరటగా ఉండేది. ఆ ఊరటకు మళ్ళీ భయం వేసేది. ఎందుకంటే పనులు వెనక్కి వస్తున్నది మా ఇంటికే.

మాఘమాసంలో అత్తయ్య బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. దొడ్లో వేపచెట్టు అవతల, ఎండ బాగా తగిలేచోట నులకమంచం మీద పాత పంచె పరిచి పెట్టింది. ఎండాక వేయించి వేశాను. మా ఆయన అన్నంలో నంజుకుని ఒకటి కొరికి ఆగిపోయారు. మళ్ళీ నమిలారు. కరకరమని చప్పుడు. వడియం చప్పుడు కాదది.

"ఇసుక పడ్డట్టుంది. ఇంకోటి వేస్తాను" అన్నాను.

 ఆయన నోట్లోది చేతిలోకి ఉమ్మి, బొటనవేలితో నలిపి చూశారు. కంచం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే దొడ్లోకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. వడియాల పంచె దులిపి చూశారు. పంచె మడతల్లో బూడిదరంగు పొడి. సానరాయి దగ్గరికి వెళ్ళి, ఒక పాత ఉలి పెట్టి తిప్పారు. ఎండ ఏటవాలుగా పడుతోంది. రాయి మీంచి లేచిన పొడి ఆ ఎండలో సన్నటి పొగలా కనిపించింది. కొంత మంచం వైపు పోయింది. ఎక్కువ భాగం గాలి వాలున షెడ్డు వెనక ద్వారంలోకి, వడకట్టిన నూనె డబ్బాలున్న బల్ల మీదికి పోతోంది. డబ్బాలకు మూతలు లేవు. వడకట్టకముందు మడ్డి మీద పెట్టిన శ్రద్ధ, వడకట్టాక ఎవరమూ పెట్టలేదు. మూతల సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మాకూ తోచలేదు. ఆ పొడి కంటికి ఆనేదీ కాదు.

ఆయన రాయి ఆపి, దాని పక్కనే నేల మీద కూర్చున్నారు. చేతికి అన్నం మెతుకులు ఎండిపోయాయి. అత్తయ్య దొడ్డి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే సానరాయి వీధి వైపుకు మార్చారు. డబ్బాలకు రేకు మూతలు చేయించారు. తర్వాత చేసిన సిలిండరు అద్దంలా వచ్చింది. ఆ బస్సు ఆసామి కూడా మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. పని నిలదొక్కుకుంది గాని ఇల్లు నిలదొక్కుకోలేదు.

"వెళ్ళి మీ మావయ్య కాళ్ళు పట్టుకో" అంది అత్తయ్య. అన్ని రోజుల తర్వాత కొడుకుతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

"వెళ్తాను" అన్నారు. ఈ ఇంజను అయ్యాక, ఆ ఇంజను అయ్యాక అంటూ వారాలు గడిపారు. ఒకరోజు నేను ఉండబట్టలేక, "సిగ్గుగా ఉందా?" అని అడిగాను. "భయంగా ఉంది" అన్నారు. ఇక నేను తొందరపెట్టలేదు.

చివరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఇంటికి తాళం వేసి ఉంది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు వేసుకెళ్ళే బళ్ళ దగ్గర, కట్టలు ఎత్తే పనికి వెళ్తున్నాడని పక్కింటావిడ చెప్పింది. ఆ మాట వినగానే మా ఆయన అరుగు మీద కూలబడ్డారు. పోగు పట్టి జీవితమంతా గడిపిన మనిషి ఆ వయసులో చెరకు మోస్తున్నాడు.

పొద్దువాలాక వచ్చాడు. చేతుల నిండా చెరకాకు కోసిన గాట్లు. మమ్మల్ని చూసి గబగబా తలగుడ్డ తీసి దులిపి, చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నాకివ్వలేదు. ముందు మా ఆయనకిచ్చాడు.

"రండి అల్లుడుగారూ. కాళ్ళు కడుక్కోండి. ఎంతసేపైంది వచ్చి? ప్రయాణం బాగా జరిగిందా అండీ?"

మా ఆయన చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయారు.  నాన్న గొంతులో వెటకారం లేదు. ఎత్తిపొడుపు లేదు. ఊరికి కొత్తగా వచ్చిన పెద్దమనిషిని ఆదరించినట్టు ఆదరిస్తున్నాడు.

"మావయ్యా, తప్పు నాదే. ఆ సానరాయి పొడి..."

"అవన్నీ ఇప్పుడెందుకండీ. అమ్మాయ్, మీ ఆయనకు పీట వెయ్యి. ఎండనపడి వచ్చారు."

పక్కింట్లో పెరుగు అడిగి తెచ్చాడు. వద్దంటున్నా వినకుండా నాచేత పప్పు వండించాడు. తను పక్కన నిలబడి విసనకర్రతో విసిరాడు. మా ఆయన రెండు ముద్దలు తిని, చెయ్యి ఆపి, "మావయ్యా, నన్ను ఏరా అను. తిట్టు. ఇలా మాత్రం మాట్లాడకు" అన్నారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు పడటం అదే మొదటిసారి చూశాను.

నాన్న విసరడం ఆపలేదు. "పెద్దవారయ్యారు. నలుగురూ మీ దగ్గరికి వచ్చి నిలబడుతున్నారు. నేను ఏరా అంటే బాగుంటుందా అండీ" అన్నాడు.

మర్నాడు బస్సు దాకా వచ్చి మమ్మల్ని ఎక్కించాడు. ఇంటికి రమ్మని బతిమాలితే, "దానికేం, వస్తాను" అన్నాడు. తిరుగు ప్రయాణమంతా మా ఆయన కిటికీలోంచి కాలవనే చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చి జరిగిందంతా అత్తయ్యకు చెప్పాం.

"కోపమొస్తే తిట్టేవాడురా మా అన్నయ్య. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గదా. ఇది కోపం కాదు" అంది.

యుద్ధం అయిపోయింది. కొంత ఆలస్యంగానైనా నూలు వచ్చింది. నాన్న మళ్ళీ మగ్గం ఎక్కాడు. అత్తయ్యను చూడ్డానికి అప్పుడప్పుడు వచ్చేవాడు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాడు. రాత్రికి ఎప్పుడూ ఆగలేదు. ఆ ఏడే మా ఆయన షెడ్డుకు ఆనించి నూనె కోసం విడిగా ఒక గది కట్టించారు. సిమెంటు నేల, దుమ్ము రాకుండా గట్టిగా మూసుకునే తలుపులు, అద్దాల కిటికీ. అది ఎవరి కోసం కట్టారో మాకందరికీ తెలుసు. నాన్న వచ్చినప్పుడు, "ఒక్కసారి చూడు మావయ్యా" అని వెంట తీసుకెళ్ళారు. నాన్న గడప బయటే నిలబడి, మెడ చాచి లోపలంతా చూశాడు.

"చాలా బాగుందండీ. శుభ్రంగా ఉంది" అన్నాడు. లోపల అడుగు పెట్టలేదు.

ఆ గది చాలా కాలం నూనె డబ్బాలతోనే ఉంది గాని, మా ఆయన అందులోకి కొత్తగా పెట్టుకున్న పనివాళ్ళని పంపేవారే తప్ప తను వెళ్ళేవారు కాదు. నేను మధ్యలో నలిగిపోయాను. నాన్నది పంతమని కొన్నాళ్ళు అనుకున్నాను. మా ఆయన అన్న మాటను నేనే మరచిపోలేకపోతున్నప్పుడు, నాన్నను మరచిపొమ్మని ఎలా అడగను? అందుకే ఎవరినీ ఏమీ అడగలేదు. ఇద్దరికీ అన్నం వడ్డించాను.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు నాన్నకు జ్వరం తగిలింది. కబురు రాగానే షెడ్డు మూసి మా ఆయనే ముందు వెళ్ళారు. నేను పురిటి మంచం మీద ఉన్నాను. కదలడానికి వీల్లేకపోయింది. నన్ను చూసుకోవడానికి అత్తయ్యా ఆగిపోయింది. ఆయన అక్కడే ఉండి మందులు పోశారు. ఒళ్ళు తుడిచారు. ఎత్తి కూర్చోబెట్టి జావ తాగించారు. నాన్న దేనికీ వద్దనలేదట. నాలుగు రోజులకు పోయాడు. కొడుకులు లేరు గనక కర్మ కూడా మా ఆయనే చేశారు.

అన్నీ అయి ఇంటికొచ్చాక, నాన్న చివరికి ఏమన్నాడని అడిగాను. ఆయన పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.  దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి మళ్ళీ మూస్తూ చెప్పారు.

"'కొంచెం మంచినీళ్ళు ఇప్పించండి' అన్నాడు. ఇచ్చాను."

అత్తయ్య లోపలి గదిలోంచి వింది. లేచి వచ్చి, కొడుకు పక్కన గోడకు జేరబడి కూర్చుంది. ఆ పూట ముగ్గురం అలా కూర్చునే ఉన్నాం. పాప ఆకలికి ఏడిస్తే నేను తీసుకున్నాను.